కల్వంలో గులాబి బిళ్ళ

"మా నాన్నకి ఏం నూరిపోశావు వదినా?"

ఆసుపత్రి మెట్లెక్కిన ఆయాసమైనా తీరకుండా ఆడపడుచు అడిగిన మొదటి మాట ఇది. మామూలు రోజుల్లో అయితే దీనికి అర్థం వేరు. కోడలు మామగారి చెవిలో చాడీలు నూరిపోసిందనుకుని, నాలుగు మాటలు అటూ ఇటూ అనుకుని ఊరుకునేవాళ్ళు. ఇవాళ నూరడమంటే అచ్చంగా నూరడమే. పొద్దున ఎనిమిదింటికి కోడలు పింగాణీ కల్వంలో మాత్ర వేసి నూరి, తేనెలో రంగరించి, మామగారి నోట్లో పోసింది. పదింటికి మామగారు కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారు.

వదిన బెంచీ చివర కూర్చుని చేతిసంచీ పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం, అదే పనిగా ఉంది.

బెంచీకి ఆ చివర ఆవిడ మొగుడు. మందుల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని మాత్రల మాస్టారంటారు. మందెంత, పిండెంత, జిగురెంత, పైపూత ఎంత, కడుపులో పడ్డాక ఎన్నో నిమిషానికి కరగాలి, ఇవన్నీ అతను తేల్చాకే అక్కడ మెషీన్ తిరుగుతుంది. పాతికేళ్ళుగా పొడిని బిళ్ళ చేసి బతుకుతున్న ఇంట్లో, బిళ్ళని పొడి చేసిన దగ్గర కొంప మునిగింది.

"నువ్వైనా చెప్పు అన్నయ్యా. ఏమైంది నాన్నకి?"

"రక్తపోటు బాగా పడిపోయింది. గుండె నెమ్మదించింది."

"ఎందుకని?"

"చూస్తున్నారు."

చూస్తున్నారు అనే మాట చూడ్డానికి చిన్నదే. కానీ దాని వెనకాల ఎంత పెద్దమనిషైనా హాయిగా దాక్కోవచ్చు.

అంతలో తలుపు తోసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. ఒక చేతిలో ఏదో కాగితం, ఇంకో చేతిలో మాత్రల స్ట్రిప్. పదింట్లో ఒక్క గది ఖాళీ, తొమ్మిదింట్లో గులాబి బిళ్ళలు.

"పెద్దాయనకి ఈ మాత్ర ఎవరిస్తున్నారు?"

"నేనేనండీ," అంది కోడలు లేచి నిలబడి.

"మింగిస్తున్నారా?"

"నూరి ఇస్తానండీ. నిరుడు పక్షవాతం వచ్చింది కదా, అప్పట్నించి బిళ్ళ గొంతు దిగదు. పాత బిళ్ళలు నిన్నటితో అయిపోయాయి. ఇది ఇవాళే మొదలు."

డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఇది నూరకూడదమ్మా. పాత మాత్ర రోజుకి మూడు. ఇది రోజుకి ఒకటి. రోజు మొత్తానికి సరిపడే మందు ఇందులోనే ఉంటుంది, పొద్దుట్నించి రాత్రిదాకా కొద్దికొద్దిగా కరుగుతుంది. నూరేస్తే ఇంకేముంది, ఆ మందంతా గంటలో ఒంట్లోకి దిగిపోతుంది. ఆయనకి జరిగింది అదే."

"అయ్యో," అంది కోడలు.

"నూరమని ఎవరు చెప్పారు?"

కోడలు తల తిప్పలేదు. కళ్ళు మాత్రం బెంచీ ఆ చివరకి వెళ్ళి వచ్చాయి. అక్కడ మాత్రల మాస్టారు కాళ్ళ కింద పగిలిన టైల్‌ని, ఆ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"ఎవరూ చెప్పలేదండీ," అంది ఆవిడ. "నేనే నూరాను."

డాక్టరమ్మ స్ట్రిప్‌ని కిటికీ వెలుగులో పట్టి, దూరంగా జరిపి, దగ్గరకు తెచ్చి చదివింది. "నూరరాదు, నమలరాదు అని రాశారు గానీ చీమ తలకాయంత రాశారు. ఇలాంటి అక్షరాలు మందు మింగేవాళ్ళ కోసం కాదు, రేపు గొడవొస్తే వకీళ్ళ కోసం." చేతిలో కాగితం ముందుకు చాపింది. "మందు వల్ల ఇబ్బంది వస్తే ఇది నింపి మందుల శాఖకి పంపాలి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా నింపచ్చు. పెద్దాయనకి గండం ఇంకా గడవలేదు. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. సాయంత్రం దాకా ఏ మాటా చెప్పలేను."

కాగితం మాస్టారే అందుకున్నాడు. ఎవరో ఒకరు అందుకోవాలి కదా.

తలుపు మూసుకుంది. ఆడపడుచు బడిలో లెక్కల టీచర్. తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టకుండా ఆవిడ ఏ పేజీ తిప్పదు. ఇవాళ తప్పు వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది.

"ఇంట్లో మాత్రలు చేసే మొగుడున్నాడు. ఇది నూరచ్చా అని ఒక్కమాట అడిగితే నోరు అరిగిపోతుందా?"

వదిన సంచీ పట్టీని మళ్ళీ వేలికి చుట్టింది.

"నిన్నే అడుగుతున్నా."

"తప్పయింది," అంది వదిన.

"తప్పయిందంటే కొట్టేసి పక్కన సరైనది రాసుకోడానికి ఇదేమన్నా నోటుపుస్తకమా? విను. నాన్న బతికి బయటపడితే తిన్నగా మా ఇంటికే. ఇకమీదట నీ చేతి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వను."

"అట్లా అనకే," అన్నాడు మాస్టారు. ఆ మాటలో ఉప్పూ లేదు, కారమూ లేదు.

"నువ్వు ఊరుకో అన్నయ్యా. నువ్వు మరీ మంచివాడివి కాబట్టే ఇల్లు ఇట్లా తగలడింది."

మంచివాడివి. ఎన్నో చేదు మందులకి తియ్యటి పూత పూసినవాడు అతను. పూత తియ్యగా ఉండి లోపల చేదు ఉంటే మనిషి ఎట్లా మింగుతాడో అతనికి తెలుసు. ఈ మాట మాత్రం గొంతుకి అడ్డంపడి మింగలేక, కక్కలేక అక్కడే ఉండిపోయింది.

చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ నుంచి. స్ట్రిప్‌ల మీద, పెట్టెల మీద ఏం రాయాలో చూసే లేబుల్ అమ్మాయి.

"సార్, గులాబి బిళ్ళ రెండో విడతకి లారీ వచ్చింది. నిన్న మీరు సంతకం పెట్టేశారు, అయినా మిమ్మల్ని ఒకమాట అడిగి ఎక్కిద్దామని. పంపించేయమంటారా?"

మొదటి విడత పోయిన వారమే మందుల కొట్లకి చేరింది. అందులోదే ఒక స్ట్రిప్ అతను ఇంటికి పట్టుకొచ్చింది. ఇప్పుడు 'వద్దు, ఆపు' అనాలి. అంటే ఆ అమ్మాయి 'ఎందుకు సార్' అంటుంది. ఆ ఎందుకుకి జవాబు చెల్లెలు వినేంత దూరంలో నిలబడి చెప్పాలి.

"మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాడు.

ఆ అమ్మాయి గొంతు వింటే ఆర్నెల్ల కిందటి మాట ఒకటి గుర్తుకొచ్చింది. మీటింగులో అందరికంటే చిన్నది, అందరికంటే చివర కూర్చున్నది, ఆ పిల్లే అంది: "కొత్త మాత్రకి రంగు మారుద్దాం సార్. పాతదీ ఇదీ ఒకేలా ఉంటే జనం పాతదాన్ని వాడినట్టే దీన్నీ వాడేస్తారు." అతను నవ్వి, "ముసలివాళ్ళు పేరు చదవరమ్మా, రంగు చూసి మింగుతారు. రంగు మారిస్తే మా నాన్నే ముట్టుకోడు," అన్నాడు. అందరూ నవ్వారు. రంగు ఉండిపోయింది. ప్రేమతోనే ఉంచాడు. అబద్ధం కాదు.

నీళ్ళ సీసా పట్టుకుని వదిన మెట్ల వైపు వెళ్ళింది. కాసేపాగి మాస్టారూ వెళ్ళాడు. మెట్ల మలుపులో కుళాయి, దాని పక్కన వెనక వీధిలోకి తెరుచుకునే కిటికీ. ఆవిడ సీసా నింపుతోంది. నిండి పొర్లుతున్నా పట్టుకునే ఉంది.

"నేనే నూరానని ఎందుకన్నావు?"

"మీరు అనలేదు కాబట్టి."

"చెల్లెలికి నేను చెప్తాలే. కాస్త నిదానంగా."

"మీ మాత్రలాగానా? ఎన్ని గంటలు పడుతుంది, పన్నెండా?"

అతను కుళాయి కట్టేశాడు. కట్టేసినా అది కారుతూనే ఉంది.

"కల్వం తెచ్చిందెవరు?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"నేనే."

"రోలు వద్దు, రాయి రాలుతుంది, ఇది ల్యాబులోది, నున్నగా ఉంటుంది అని దగ్గర కూర్చోబెట్టుకుని నూరడం నేర్పిందెవరు?"

"నేనే."

"మొన్న ఈ స్ట్రిప్ చేతిలో పెట్టి ఏమన్నారు?"

"ఇకమీదట మూడు అక్కర్లేదు, పొద్దున ఒక్కటి చాలు అన్నాను."

"ఇంకా?"

"అంతే."

"అంతేనా?"

"నూరకూడదని చెప్పడం మర్చిపోయాను. ఫ్యాక్టరీలో స్వీపరుకి కూడా తెలిసిన మాట అది. తెలిసిన మాట కదా అని నోటిదాకా రాలేదు."

"అది మర్చిపోవడం. దాన్ని నేనేమీ అనను. మనిషన్నాక మర్చిపోతాడు. పొద్దున సంగతి అడుగుతున్నాను నేను."

అతను కిటికీలోంచి వీధి చూశాడు. ఎవరో సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నారు.

పొద్దున అతను గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లో కల్వం టక్ టక్‌మంటోంది. ఏడాదిగా రోజూ వినే చప్పుడు. రోజూ వింటే చప్పుడు కూడా నిశ్శబ్దం కిందే లెక్క. అప్పుడు ఆవిడ అక్కణ్ణించే కేకేసింది: "ఏమండీ, ఇవాళ పొడి అదోలా ఉంది. తేనెలో కలిపితే జిగురుగా సాగుతోంది." అతను సబ్బు నురగ లోంచే అన్నాడు: "తేనె పాతదై ఉంటుంది." కాసేపటికి హాల్లోంచి నాన్న గొంతు, పక్షవాతం తర్వాత మిగిలిన ఆ ముద్దముద్ద గొంతు: "ఒరే, ఇవాళ బంకగా ఉందిరా. గొంతుకి పట్టుకుంటోంది." "మింగేయండి నాన్నా, మందు కదా," అన్నాడు.

ఆ జిగురు కోసం రెండేళ్ళు పనిచేశాడు. బిళ్ళకి తడి తగలగానే పొడిలోని జిగురు ఉబ్బాలి, మందు చుట్టూ జావలా గోడ కట్టాలి, ఆ గోడ లోంచి మందు పన్నెండు గంటలపాటు ఊరాలి. ఒంటి వేడికి కాచిన నీళ్ళలో, గాజు కుండల్లో తెడ్లు తిరుగుతుంటే, గంట గంటకీ ఆ జావని చూస్తూ గడిపాడు. దాన్ని అద్దంలో తన ముఖంలా గుర్తుపట్టగలడు. ఆ మాట చెవిన పడేటప్పుడు అతను చూస్తున్నది అద్దంలోకే.

"విన్నారా, వినలేదా?" అంది ఆవిడ.

"విన్నాను."

"మరి?"

"చెవిలో పడింది. లోపలికి దిగలేదు."

"మీకు దిగలేదు. మామయ్యగారికి మొత్తం ఒక్కసారే దిగింది."

సీసా మూత బిగించింది. బిగుసుకున్నాక కూడా ఇంకో తిప్పు తిప్పింది.

"మీ చెల్లెలితో నేను చెప్పను. చెప్తే మీ మీదకి తోసినట్టుంటుంది. చెప్పకపోతే నా మీదే ఉంటుంది. తప్పు ఎవరి దగ్గర ఉండాలో మీరే తేల్చుకోండి. ఎంత మోతాదు ఎక్కడ ఉండాలో తేల్చడం మీ పనేగా."

ఆవిడ వెళ్ళిపోయింది. అతను కుళాయి ఇంకోసారి కట్టడానికి చూశాడు.

ఒంటిగంటకి బెంచీ మీద కాగితం నింపడం మొదలుపెట్టాడు. వయసు, బరువు, మాత్ర పేరు, బ్యాచ్ నెంబరు. బ్యాచ్ నెంబరు స్ట్రిప్ చూడకుండానే రాసేశాడు. అతని అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. 'ఇచ్చిన పద్ధతి' దగ్గర 'నూరి, తేనెతో' అని రాశాడు. దాని కింద: 'ఆ పద్ధతి ఎవరు చెప్పారు?' ముత్యాల సరం అక్కడ తెగింది.

చెల్లెలు ఎదురు బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. వదిన నీళ్ళిస్తే తీసుకోలేదు. ఆ సీసా ఇద్దరి మధ్యా నేలమీద ఉంది, ఎవరూ ముట్టకుండా.

రెండైంది. పెన్ను ఆ గీత మీదే ఉంది. సిరా ఊరి గీత మొదట్లో ఒక చుక్క కట్టింది.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని నలభై ఏళ్ళు కూర్చున్నాడు, ఇప్పుడా కళ్ళకి రంగు తప్ప అక్షరం ఆనదు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు: "స్ప్రింగులో బలముంటే గొప్ప కాదురా. ఆ బలాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే చక్రం ఉంది చూడు, దాని వల్లే అది గడియారం. ఒక్కసారి వదిలితే గడియారం కాదు, గండం." పన్నెండు గంటల మాత్ర ఆలోచన అతనికి పుస్తకాల్లో కాదు, ఆ బల్ల దగ్గరే పుట్టింది. మొదటి స్ట్రిప్ ఇంటికి తెచ్చింది కూడా అందుకే. నాన్నా, ఇది మీ చక్రం అని చెప్పాలనుకున్నాడు. అదీ చెప్పలేదు.

మూడున్నరకి డాక్టరమ్మ తలుపు తీసింది. "గుండె కాస్త పుంజుకుంది. తెలివి వచ్చింది. ముగ్గురూ రండి, ఎక్కువ మాట్లాడించకండి."

పెద్దాయన దిండు మీద చిన్నగా కనబడ్డాడు. పొద్దునకీ ఇప్పటికీ మనిషి సగమైనట్టున్నాడు. ఖాళీగా ఉన్న ఎడమ మణికట్టుని కుడిచేత్తో తడుముకుంటున్నాడు. కోడలు సంచీ లోంచి ఆయన చేతిగడియారం తీసి కట్టింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఆగకుండా నడుస్తోందని తేలాక చెయ్యి దించాడు.

"నాన్నా," అంది కూతురు వంగి. "ఇకమీదట మీరు మా ఇంట్లో ఉందురుగాని."

"ఎందుకు?"

"వదిన మందు సరిగ్గా ఇవ్వలేదు."

పెద్దాయన మాట ఇప్పుడు ఒక్కో పన్ను చొప్పునే వస్తుంది.

"కోడలు చెప్పింది. జిగురుగా ఉందని. నేనూ చెప్పాను."

"ఎవరికి చెప్పారు?"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. కొడుకుని కాపాడదామనో, పట్టివ్వడం ఇష్టంలేకనో కాదు. అలిసిపోయాడు, అంతే.

కోడలు గ్లూకోజ్ సీసాలో బొట్లు చూస్తోంది. ఒకటి పడింది. ఇంకోటి పడింది.

"నాకు," అన్నాడు మాస్టారు. "నాకే చెప్పారు. ఇద్దరూ చెప్పారు. నూరమన్నదీ నేనే. ఆపమని చెప్పనిదీ నేనే. రంగు మార్చద్దన్నదీ నేనే."

అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. నిదానంగా చెప్తానన్నవాడు.

చెల్లెలు వదినని చూసింది, అన్నని చూసింది. లెక్క మొదట్నించీ మళ్ళీ చేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "పొద్దుట్నించీ నేను వదినని అన్ని మాటలు అంటూంటే," అంది చివరికి, "నువ్వు అదే బెంచీ మీద కూర్చుని ఉన్నావు."

అది ప్రశ్న కాదు. జవాబు కోసం ఆగలేదు కూడా. బయటికి వెళ్ళింది. తలుపు సందులోంచి కనబడింది: నేలమీద సీసా తీసి, మూత తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది.

భార్య, అతను తన వైపు చూస్తున్నాడని తెలిసీ మామగారి దుప్పటి అంచు సరిచేస్తూ ఉంది.

మాస్టారు ఫోన్ తీశాడు.

"అమ్మా, లారీ ఆపించు. గులాబి బిళ్ళ ఒక్క పెట్టె కూడా కదలకూడదు. కారణం నేను రాసిస్తాను."

అటువైపు మెషీన్ల హోరు.

"లారీ రెండింటికే వెళ్ళిపోయింది సార్," అంది లేబుల్ అమ్మాయి. "మీరు మళ్ళీ చేస్తానన్నారని గంటన్నర ఆపించాను. మీరు చెయ్యలేదు. సంతకం ఉంది కదా, పంపెయ్యమన్నారు పైవాళ్ళు." గొంతు తగ్గించింది. "సార్, ఏమైంది?"

అతను జవాబు చెప్పబోతుండగా చప్పుడు వినబడింది. టక్. టక్.

తెర అవతలి మంచం దగ్గర. ఎవరో ఆడమనిషి, "ఆఁ, నోరు తెరువమ్మా, మెత్తగా చేశాలే, ఈసారి గొంతుకి పట్టదు," అంటోంది. రెండు స్టీలు చెంచాల మధ్య ఏదో నలుగుతోంది.

ఫోన్ చెవి దగ్గరే ఉంది. అతను తెర పట్టుకున్నాడు, చెంచాలో ఉన్నది ఏ రంగో చూడ్డానికి.